గొడ్డు చెట్టు కాదండీ, పనస చెట్టు!

మా పెరట్లో పనస చెట్టుకి 2024 వేసవిలో మరణశిక్ష పడింది. తీర్పు చెప్పినవాళ్ళు పరాయివాళ్ళు కాదు, మావాళ్ళే. నేరమేమిటంటే, ఎనిమిదేళ్ళు పెంచినా ఒక్క కాయ నిలబెట్టలేదు.

"ఏడాదికేడాది పిందెలు వేస్తుంది, నల్లగా మాడ్చి రాల్చేస్తుంది. ఇది గొడ్డు చెట్టమ్మాయ్, ఇంకెందుకూ?" అన్నారు పక్కింటి పిన్నిగారు. మా అత్తయ్యగారు అవునన్నారు. కారు కొన్న దగ్గర్నుంచీ దానికి నీడ లేదని బెంగపెట్టుకున్న మా ఆయనకి ఆ మాట పాయసంలో జీడిపప్పులా తగిలింది. గొడ్డలి మనిషితో బేరం కూడా అయిపోయింది. చెట్టు కొట్టి, కొమ్మలు ఏరి, దుంగలు పట్టుకుపోయి ఎదురు మనకే రెండు వేలు ఇస్తాడట.

మొక్కంటే నాకు ప్రేమ, నిజమే. కానీ ఆవేళ నాకు గుచ్చుకున్నది గొడ్డలి కాదు, ఆ మాట. నా పెళ్ళి 2009లో అయింది. మా అమ్మాయి 2014లో పుట్టింది. మధ్యలో ఉన్న ఆ ఐదేళ్ళలో ఆ మాట ఎన్ని పేరంటాల్లో, ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నానో లెక్క లేదు. ఎదురుగా ఎవరూ అనరు కదండీ. మనం పసుపు రాయించుకుని, శనగలు కొంగులో పోయించుకుని వెనక్కి తిరిగేటప్పటికి, మనకి వినపడేంత మెల్లగా అంటారు.

అందుకే "ఒక్క నెల ఆగండి, అసలు సంగతేమిటో కనుక్కుంటాను" అన్నాను. మా ఆయన ఆగారు. ఆయన మంచివారే, కారు దగ్గర తప్ప.

మా గోదావరి జిల్లాల్లో పనస సంగతి తెలుసుకోవాలంటే పుస్తకం వెతకనక్కర్లేదు, పొట్టు కొట్టేవాళ్ళని అడగాలి. మా ఊరి బజారులో ఒక మామ్మ ఉంది. మాఘమాసం వచ్చిందంటే గోనె పరుచుకుని, పక్కన నూనె గిన్నె పెట్టుకుని కూర్చుంటుంది. అరచేతులకీ కత్తికీ నూనె రాసుకుని, లేత కాయ పైచెక్కు తీసి, ఎడం చేత్తో తిప్పుతూ కుడిచేత్తో టకటకా కొడుతుంటే రవ్వలాంటి పొట్టు గుట్టగా పడుతుంది. నూనె రాసుకోకుండా పనసకాయ ముట్టుకున్న కొత్త కోడళ్ళకి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ జిగురు పాలు చేతికి అంటుకుంటే సబ్బుకి లొంగవు, మళ్ళీ నూనెకే లొంగాలి. నేను మా చెట్టు కింద ఏరిన నల్లటి పిందెలు నాలుగు కవర్లో వేసుకుని, అంతకుముందు ఫోనులో తీసిన ఫొటోలతో సహా ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

మామ్మ చూసి నవ్వింది. "ఇయ్యి పిందెలెక్కడివమ్మా? పూలు. మగ పూలు. రాలక ఏం చేత్తాయి? రాలకపోతే ఇడ్డూరం గానీ" అంది.

బి.ఎ. చదివాను. కథలు రాస్తాను. పనస పిందెలోనూ మగా ఆడా ఉంటాయని నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఇంటికొచ్చి వ్యవసాయం చదివిన మా మేనమామ కొడుకుని అడిగి, పుస్తకాలు తెప్పించుకుని చదివితే మామ్మ చెప్పింది అక్షరాలా నిజమని తేలింది. మీ పెరట్లోనూ పనస ఉంటే, దయచేసి ఈ నాలుగు ముక్కలు ఓపిగ్గా చదవండి.

పనసకి మల్లెకో మందారానికో ఉన్నట్టు రేకులతో కనిపించే పువ్వు ఉండదు. వందల కొద్దీ చిట్టి పూలు ఒక బుడిపె చుట్టూ కిక్కిరిసి అతుక్కుని ఉంటాయి. మనం పిందె అనుకునేది ఆ పూగుత్తినే. మగ గుత్తులు వేరు, ఆడ గుత్తులు వేరు, కానీ రెండూ ఒకే చెట్టుకి వస్తాయి. మగది సన్నగా, బొటనవేలంత నుంచి వేలెడు పొడుగుదాకా ఉంటుంది. పైన కొంచెం నునుపు. కాడ సన్నం. మాను మీదా వస్తుంది, కొమ్మల చివళ్ళలో కూడా వస్తుంది. విచ్చుకున్నప్పుడు పసుపు రంగు పుప్పొడి పట్టి, దగ్గరికి వెళితే తియ్యటి వాసన వేస్తుంది. పుప్పొడి ఇచ్చేశాక దాని పని అయిపోయింది. నల్లబడుతుంది, బూజు పడుతుంది, రాలిపోతుంది. ఆడ గుత్తి అలా కాదు. కాడ లావుగా, బలంగా ఉంటుంది, పై చర్మం మొదటినుంచీ గరుకే. మాను నుంచో లావుపాటి కొమ్మ నుంచో పొడుచుకొచ్చిన పొట్టి రెమ్మ మీద వస్తుంది. ఇరవై కిలోల కాయని మోయాల్సినదాన్ని కొమ్మ చివర వేలాడదీస్తుందా మరి? ఆడగుత్తిలోని ఒక్కో పువ్వూ పుప్పొడి అందుకుంటే ఒక్కో తొన అవుతుంది. అందుకోలేకపోయినవి తొనల మధ్య పీచుగా మిగిలిపోతాయి. మనం తొన ఒలిచి పీచు పారేసేటప్పుడు ఈ సంగతి ఎప్పుడైనా తట్టిందా?

ఇక అసలు విషయం. కొత్తగా పూతకొచ్చిన చెట్టు మొదటి ఏడాదీ, ఒక్కోసారి రెండో ఏడాదీ కూడా మగ పూతే ఎక్కువగా వేస్తుంది. అవన్నీ రాలిపోతాయి. ఇంట్లోవాళ్ళు "పిందె నిలవడం లేదు" అని మేకులు కొట్టమని ఒకరు, ఉప్పు వేయమని ఒకరు, కొట్టేయమని మరొకరు. మా చెట్టు 2022 చివర్లో మొదటిసారి పూతకొచ్చింది. 2023లో రెండోసారి. అంటే అప్పుడప్పుడే ఈడుకొస్తున్న చెట్టుని పట్టుకుని గొడ్డు చెట్టన్నామన్నమాట!

రాలిపోయేవి మగవి, మాట పడేది చెట్టు. చెప్పండి, ఇది మనకి కొత్తా?

మా ఐదేళ్ళలోనూ పరీక్షలన్నీ ముందు నాకే జరిగాయి. రక్తం, స్కానింగులు, ట్యూబుల పరీక్షలు, అరటిపళ్ళ నోములు, నాగులచవితి పుట్టలు. మా ఆయనకి చేయాల్సిన పరీక్ష ఒక్కటే, అరగంట పని. అది మూడున్నరేళ్ళ తర్వాత, అదీ డాక్టరమ్మ కేకలేస్తేగానీ జరగలేదు. పిల్లలు లేకపోవడానికి మగవారివైపు కారణాలూ చాలా ఇళ్ళలో ఉంటాయని, ఇద్దరినీ ఒకేసారి పరీక్షించాలని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. వినేవాళ్ళేరీ? ఇది మా ఆయన చదువుతారు. చదవనివ్వండి, ఆయనతో ఎప్పుడో అన్నమాటలే ఇవి.

సరే, చెట్టు దగ్గరికి వద్దాం. తెలియకుండా మాట అనడం ఒక తప్పయితే, తెలియకుండా కొనుక్కోవడం ఇంకో తప్పు. మా అక్క ఇంటి ముందుకి వచ్చిన మొక్కల బండిమీద "అంటు పనస, మూడేళ్ళలో కాపు" అంటే మూడొందల యాభై పెట్టి కొంది. రెండేళ్ళు తిరిగేసరికి ఆకులు అడుగు పొడవున, రెండు వైపులా వేళ్ళలా చీలికలతో విసనకర్రల్లా వచ్చాయి. అది పనస కాదు, సీమపనస. కూరపనస అని కూడా అంటారు. బజ్జీలకీ వేపుడుకీ బాగుంటుంది గానీ తొనలుండవు. మంచి రకానికి గింజ కూడా ఉండదు, వేరు పిలకలతోనే పెంచుతారు. ఈ సీమపనస కోసమే ఒక ఓడలో తిరుగుబాటు జరిగింది తెలుసా? కరీబియన్ దీవుల్లో చెరకు తోటల బానిసలకి చవకగా తిండి దొరుకుతుందని తాహితీ నుంచి మొక్కలు తీసుకెళుతుంటే, 1789లో బౌంటీ అనే ఆ ఓడ నావికులు తిరగబడి కెప్టెన్ని పడవలో ఎక్కించి సముద్రంలో వదిలేశారు. మా అక్క అంతపని చేయలేదు, బండివాడు మళ్ళీ ఆ వీధికి రాలేదు గనక.

గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. పనస ఆకు అరచెయ్యంత, దళసరిగా, పైన నిగనిగలాడే ముదురాకుపచ్చ, అంచు ఎక్కడా చీలిక లేకుండా ఉంటుంది. తుంచితే తెల్లటి పాలు కారతాయి. పాలు సీమపనసకీ కారతాయి, అదొక్కటే చూసి మోసపోకండి. మరో చిక్కు కూడా ఉంది. గింజ నుంచి మొలిచిన పసి పనస మొక్కకి కూడా ఒక్కోసారి చీలికల ఆకులు వస్తాయి, పెద్దయ్యాక పోతాయి. కాబట్టి పిల్ల మొక్క మొహం చూసి పీకేయకండి, ఏడాది చూడండి. అంటు మొక్క అని చెబితే మొదట్లో అతుకు మచ్చ కనబడాలి, కనబడకపోతే అది గింజ మొక్కే. ఇక ఫోనుల్లో తిరిగే ముళ్ళ పండు ఫొటోలు చూసి "విదేశీ పనస" అనుకునేది డ్యూరియన్. దాని కుటుంబమే వేరు.

పెంచడం గురించి నాకు తెలిసింది అనుభవంతో తెలిసిందే. 2016 వేసవిలో మా గృహప్రవేశానికి మా అమ్మ కోనసీమ నుంచి వాళ్ళ చెట్టు గింజలు కడిగి, శుభ్రంగా ఎండబెట్టి, పొట్లం కట్టి తెచ్చింది. ఒక్కటీ మొలవలేదు. పనస గింజ బియ్యం డబ్బాలో దాచుకునే రకం కాదు, ఎండితే చచ్చిపోతుంది. రెండోసారి అమ్మ తొనలతోనే పంపింది. తొనలు మేం తిని, గింజ పైన జిగురు కడిగి, ఒక రాత్రి నీళ్ళలో ఉంచి మర్నాడే సంచుల్లో పెట్టాను. మూడు వారాలకి మొలిచాయి. ఆరింట్లో బలంగా ఉన్నది ఒక్కటి ఉంచుకున్నాను. దీనికి తల్లివేరు సుకుమారం. సంచిలో ఎక్కువ కాలం ఉంచితే ఆ వేరు చుట్టుకుపోతుంది, మార్చేటప్పుడు మట్టిగడ్డ చెదిరితే మొక్క అలుగుతుంది. అందుకని చిన్నప్పుడే, గడ్డ కదలకుండా నేలలోకి దించాలి. వీలుంటే గింజని నేరుగా గుంటలోనే పెట్టడం ఇంకా మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు నిలవకూడదు. పసిమొక్కకి రెండు మూడు వేసవులు తడి కావాలి గానీ, వానాకాలంలో మొదట్లో నాలుగు రోజులు నీళ్ళు నిలిస్తే పెద్ద చెట్టు కూడా వడిలిపోతుంది. మాది నీరు పట్టే నల్ల నేల. మూడడుగుల గుంట తీసి, పశువుల ఎరువు కలిపి, పైన అడుగు ఎత్తున దిబ్బలా పోసి నాటించాను. అప్పుడు అందరూ "సమాధి కట్టావేమిటి?" అన్నారు. గోడకి పదిహేను ఇరవై అడుగుల దూరం ఉండాలి, ఎండ తగలాలి. ముప్ఫై నలభై అడుగులు పెరిగే చెట్టు ఇది. ఆరు సెంట్ల స్థలంలో అంత వద్దనుకుంటే పది పన్నెండు అడుగుల దగ్గర తల కత్తిరిస్తూ ఉండవచ్చు. కాయలు ఎలాగూ మానుకే కాస్తాయి గనక నష్టం లేదు, కోసుకోవడానికీ సులువు. రెండు సెంట్ల ఇళ్ళవాళ్ళు మాత్రం సరదాపడి గోడ పక్కన పెట్టి, పదేళ్ళ తర్వాత చెట్టుని తిట్టుకోవద్దు.

గింజ మొక్క కాపుకి రావడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి. అంటు మొక్కయితే మూడు నాలుగేళ్ళు. గింజ మొక్కకి తల్లి చెట్టు రుచే వస్తుందని హామీ కూడా లేదు. తల్లిది గట్టి తొన అయితే పిల్లది గొంతులోకి జారిపోయే మెత్తటి తొన కావచ్చు. కచ్చితంగా ఫలానా రుచే కావాలనుకునేవాళ్ళు అంటు కొనుక్కోండి. తుమకూరు చెట్టు నుంచి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు ప్రచారంలోకి తెచ్చిన ఎర్రతొనల 'సిద్దు' రకం లాంటివి ఉన్నాయి. నాకు మాత్రం ఏ తొన వస్తుందో తెలియకపోవడమే బాగుంది. పిల్లల్ని కంటున్నాం గానీ వాళ్ళ గుణాలు ముందే రాయించుకుంటున్నామా?

ఇంతకీ కాయ ఒక్కటేనా పనసంటే? చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో పనసాకులు నాలుగు పుల్లలతో కుట్టి, ఆ బుట్టల్లో పిండి పోసి పొట్టిక్కలు వండేవారు. ఆ ఆకు వాసన ఏ ఇడ్లీ రేకుకి వస్తుంది? కాయ లేతగా ఉంటే ఆవ పెట్టిన పొట్టు కూర, ముదిరితే ముక్కల పులుసు, పండితే తొనలు, తొనలయ్యాక గింజలు. గింజలు నిప్పుల్లో కాల్చుకున్నా, దప్పళంలో వేసుకున్నా ఒక పూట గడుస్తుంది. పనసకాయ దొరికినప్పుడే తద్దినం పెట్టమన్నారంటే దానికెంత గిరాకీయో చూడండి. బొబ్బిలి వీణ అని గొప్పగా చెప్పుకుంటాం, అది ఒకే పనస దుంగ నుంచి తొలిచి చేసేది. కేరళవాళ్ళు 2018లో పనసని రాష్ట్ర ఫలంగా ప్రకటించుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ జాక్‌ఫ్రూట్ అన్న పేరు కూడా మలయాళీల 'చక్క' లోంచి, పోర్చుగీసుల నోట్లోపడి వచ్చిందే. మనం మాత్రం పెళ్ళి భోజనంలో పొట్టు కూర రెండోసారి వడ్డించుకుని, ఇంటికొచ్చి పెరట్లో చెట్టు కొట్టిస్తాం.

చెట్టు విలువ తెలియాలంటే శ్రీకాకుళం ఉద్దానం వాళ్ళని అడగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. దశాబ్దాల చెట్లు. మళ్ళీ నాటితే ఎన్నాళ్ళకి కాపుకొస్తాయో వాళ్ళకి లెక్క తెలుసు. అక్కడ తుపాను చేసిన పనే ఇక్కడ మనం రెండు వేలు పుచ్చుకుని చేయించుకుంటున్నాం.

ఇంట్లో పంచాయతీ పెట్టి ఇవన్నీ చెప్పాను. మగ పువ్వునీ, మానుమీద ఆడ పువ్వు ఫొటోనీ పక్కపక్కన పెట్టి చూపించాను. "కాస్తుంది, ఒక్క ఏడాది చూడండి" అని బతిమాలాను. మా అత్తయ్యగారు ఆ మగ పూలని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "మరి మా రోజుల్లో ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఆవిడకి మా ఆయన పెళ్ళయిన ఏడేళ్ళకి పుట్టారు. ఆ మాట ఆవిడెన్ని సార్లు విన్నారో నేనడగలేదు. గొడ్డలి మనిషికి ఫోను చేసి వద్దని చెప్పింది మాత్రం ఆవిడే.

రాత్రి పడుకున్నాక ఒక ఆలోచన పీకింది. నేను చెట్టుని ఎలా కాపాడాను? కాస్తుందని చెప్పి. ఒకవేళ కాయకపోతే? అప్పుడు కొట్టేయొచ్చా? నాతోపాటు డిగ్రీ చదివిన స్నేహితురాలు ఒకామె ఉంది. పిల్లల్లేరు. పుట్టలేదంతే, ఇద్దరికీ ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. తమ్ముడి పిల్లల్ని చదివించింది, మంచాన పడ్డ మామగారికి నాలుగేళ్ళు చేసింది. వాళ్ళ ఆడపడుచు సీమంతానికి ఆమెని పిలిచి, గాజులు తొడిగే వరసలో మాత్రం కూర్చోబెట్టలేదు. ఆ సీమంతానికి నేనూ వెళ్ళాను. ఒళ్ళో బిడ్డతో వరసలో కూర్చుని గాజులు తొడిగి వచ్చాను. నోరు తెరవలేదు. "నాకు పుట్టిందిగా" అనుకున్నానో ఏమో. చెట్టు కోసం వాదించినంత ఆమె కోసం వాదించలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

మా చెట్టు కింద మధ్యాహ్నం పూట పెరడంతా చల్లగా ఉంటుంది. పక్కింటి పిన్నిగారు కూడా అక్కడికే కుర్చీ వేసుకుని వచ్చి చిక్కుళ్ళు గిల్లుకుంటారు. ఆ నీడలో కూర్చునే ఆవిడ దాన్ని గొడ్డు చెట్టన్నది.

ఆ ఏడాది పుష్యమాసంలో మొదట కనిపెట్టింది మా అమ్మాయి. మోకాలెత్తున మానుమీద పొట్టి రెమ్మకి రెండు గుత్తులు. కాడ లావుగా ఉంది. నేను వేలు పెట్టి కూడా ముట్టుకోలేదు. నెల తిరిగేసరికి గుప్పెడంత అయ్యాయి. మా అత్తయ్యగారు దిష్టి తగులుతుందని నల్లతాడుకి పాత చెప్పు కట్టి మానుకి వేలాడదీశారు. మా ఆయన కారుకి కవరు కొన్నారు.

పొట్టుకి ఒక కాయ ఇమ్మని పిన్నిగారు గోడమీంచి అడిగారు. ఇస్తానన్నాను. పొట్టు కొట్టడం మాత్రం ఆవిడే కొట్టుకోవాలి, నూనె రాసుకుని.